విరమణ ఉద్యోగానికే, సాధనకు కాదు

భీమ్‌గల్‌లో పుట్టినవారికి లింబాద్రి గుట్ట చిన్ననాటి నుండి పరిచయమే. కార్తీక జాతరకు పోయి స్వామిని దర్శించుకునేవాడిని గాని, దర్శించే ఈ ‘నేను’ ఎవరన్న ప్రశ్న ఉద్యోగ విరమణ దాకా పుట్టలేదు. విరమణ చేసిన మర్నాడు అలవాటు కొద్దీ ఇస్త్రీ చొక్కా తొడిగి గుమ్మం దాకా నడిచాను. “ఎటు పోతున్నరు?” అని మా శ్రీమతి అడిగింది. జవాబు దొరకలేదు. గుమాస్తాగిరీ తీసివేస్తే నాలో మిగిలిందేమిటన్న దిగులు ఏడాది దాకా వదలలేదు.

అప్పుడు చేతికి వచ్చింది వేటూరి ప్రభాకరశాస్త్రిగారి ‘ప్రజ్ఞాప్రభాకరము’. శాస్త్రిగారు (1888–1950) మనలాగే ఉద్యోగి. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో తాళపత్రాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. తర్వాత తిరుపతిలో, అన్నమాచార్యుల రాగిరేకుల సంకీర్తనలను వెలుగులోకి తేవడానికి శ్రమించారు. ఆయన యోగగురువు కుంభకోణానికి చెందిన మాస్టర్ సి.వి.వి. (1868–1922). ఆ గురువూ సన్యాసి కాదు, సంసారి. 1910 మే 29న ఆయన ఆరంభించిన మార్గమే భృక్తరహిత తారక రాజయోగం. ఇల్లు విడిచి అడవికి పోనక్కరలేదు. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గురువును తలచి కూర్చొని, లోపల జరిగేదాన్ని గమనించడం ఆ మార్గంవారి సాధన.

దీని మూలం పాతదే. మనసులోని అలలు అణగినపుడు చూచేవాడు తన స్వరూపంలో నిలుస్తాడని, మిగతా వేళల్లో ఆ అలలే తాననుకుంటాడని పతంజలి యోగసూత్రాల ఆరంభంలోనే చెప్పాడు. నాకిది ఆఫీసు భాషలో అర్థమైంది. ఎన్ని ఫైళ్లు చూచినా గుమాస్తా ఫైలు అయిపోడు గదా! సీటు, హోదా వచ్చిపోయేవి. చూచేవాడు వేరు.

నేను ఏదో సాధించానని చెప్పను. మా శ్రీమతి పోయి నాలుగేండ్లయింది. మొదట్లో ఆరింటికి కూర్చుంటే కన్నీళ్లే వచ్చేవి. వచ్చినా లేవలేదు. దుఃఖం పోలేదు గాని, ఆ దుఃఖాన్ని చూస్తున్నవాడు ఒకడు లోపల ఉన్నాడని తెలిసింది. ఆనాడు గుమ్మం దగ్గర ఆమె అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు అంతే.

సోదర పెన్షనర్లారా! మోకాళ్లు సహకరించకుంటే కుర్చీలోనే కూర్చోండి. డాక్టరిచ్చిన మందులు మానకండి. బ్రతికి ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాము. బ్రతికి ఉన్నది ఎవరో తెలుసుకోవడానికి రోజుకు పది నిమిషాలు కేటాయించలేమా?