ఎలక్ట్రిక్ గిటారుకు ఓవర్‌డ్రైవ్ పెడల్ – ఎంపికలో గమనించవలసిన విషయాలు

ఎలక్ట్రిక్ గిటారు అభ్యసించే విద్యార్థి గిటారును, చిన్న యాంప్లిఫయర్‌ను సమకూర్చుకొన్న పిమ్మట తరచుగా కొనే మూడవ వస్తువు ఓవర్‌డ్రైవ్ పెడల్. గిటారుకు, యాంప్లిఫయర్‌కు నడుమ కేబుళ్లతో కలిపి, పాదంతో నొక్కి పని చేయించే చిన్న లోహపు పెట్టె ఇది. విపణిలో వందల రకాలు లభిస్తున్నవి. పేరు విని, ధర చూసి, మరొకరు వాయించగా విన్న ధ్వనిని మనసులో ఉంచుకొని కొన్నవారిలో పలువురు, ఇంటికి వచ్చి తమ యాంప్లిఫయర్‌కు తగిలించగానే నిరాశ చెందుతారు. చాలా సందర్భాలలో లోపం పెడల్‌లో ఉండదు, ఎంపికలో ఉంటుంది.

ఒక్క పెడల్ మాత్రమే కొనగలిగినవారికి కావలసినది పలు విధాల ఉపకరించేది. నాబ్‌లు ఎక్కువగా ఉన్నంత మాత్రాన ఆ గుణం రాదు. మృదువుగా మీటితే స్వచ్ఛంగానూ, గట్టిగా మీటితే గరుకుగానూ పలికి, గిటారు మీది వాల్యూమ్ నాబ్‌కు లోబడి నడిచే పెడల్ ఒక్కటి ఉంటే మూడింటి పని చేస్తుంది. ఆ గుణాన్ని గుర్తించడానికి పెట్టె లోపల ఏమి జరుగుతుందో కొంత తెలిసి ఉండాలి.

ఓవర్‌డ్రైవ్ అంటే ఏమిటి?

పాత రేడియోలలో వలెనే తొలినాటి గిటారు యాంప్లిఫయర్లలోనూ వాల్వులు ఉండేవి. 1950, 1960 దశకాలలో వాదకులు వాటి ధ్వనిని గరిష్ఠ స్థాయికి పెంచినప్పుడు, వాల్వులు తమ శక్తికి మించిన సంకేతాన్ని యథాతథంగా పంపలేకపోయేవి. తరంగ శిఖరాలు చదునై, మూల స్వరంలో లేని కొత్త అనుస్వరాలు పుట్టేవి. స్వరం గరుకుగా, నిండుగా, ఎక్కువసేపు నిలిచేలా వినిపించేది. లోపంగా మొదలైన ఈ ధ్వని క్రమంగా బ్లూస్, రాక్ సంగీతాలకు ప్రాణమైంది. అయితే ఇంటిలో గాని, చిన్న హాలులో గాని అంత బిగ్గరగా వాయించడం సాధ్యం కాదు. తక్కువ శబ్దంలోనే ఆ గరుకుదనాన్ని కల్పించడానికి ఓవర్‌డ్రైవ్ పెడళ్లు వచ్చినవి.

ఇదే కోవకు చెందిన డిస్టార్షన్, ఫజ్ పెడళ్లు తరంగాన్ని మరింత కఠినంగా కోస్తాయి. వాటిలో మెల్లగా మీటినా గరుకుదనం వీడదు. ఓవర్‌డ్రైవ్‌లో వాదకుని చేతి బరువు వినిపిస్తుంది. ఒకే పెడల్‌తో పలు పనులు చేయించదలచినవారు ఓవర్‌డ్రైవ్‌నే ఎన్నుకోవడానికి కారణం ఇదే.

పెట్టె లోపల జరిగేది

అధిక భాగం పెడళ్లలో మూడు నాబ్‌లుంటవి. డ్రైవ్ గరుకుదనాన్ని, టోన్ స్వరపు పదునును, లెవెల్ బయటకు వెళ్లే ధ్వని స్థాయిని నిర్ణయిస్తాయి. లోపల ఒక చిన్న ఐ.సి. గాని, ట్రాన్సిస్టర్లు గాని సంకేతాన్ని పలు రెట్లు పెంచుతాయి. పెరిగిన తరంగ శిఖరాలను డయోడులు అణచివేస్తాయి. సిలికాన్ డయోడు సుమారు 0.6 వోల్టుల వద్ద, జెర్మేనియం డయోడు సుమారు 0.3 వోల్టుల వద్ద ఈ పని ప్రారంభిస్తుంది.

డయోడుల అమరికను బట్టి ధ్వని మారుతుంది. తరంగపు పై సగాన్ని, కింది సగాన్ని సమానంగా అణిచే సౌష్ఠవ అమరికలో ప్రధానంగా బేసి అనుస్వరాలు పుడతాయి. రెండు సగాలను వేర్వేరుగా అణిచే అసౌష్ఠవ అమరికలో సరి అనుస్వరాలు కూడా చేరుతాయి.

పేరొందిన నమూనాలు

జపానుకు చెందిన బాస్ సంస్థ 1977లో ఓ.డి.–1 పెడల్‌ను విడుదల చేసింది. దానిలోని అసౌష్ఠవ అమరికే 1981లో వచ్చిన ఎస్.డి.–1లో టోన్ నాబ్‌తో కలిసి కొనసాగింది. తక్కువ ధరలో లభించే గట్టి పెడళ్లలో ఎస్.డి.–1కి నేటికీ స్థానం ఉన్నది.

ఐబనెజ్ పేరుతో వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ ఈ వర్గంలో అన్నింటికంటె ప్రసిద్ధం. మాక్సన్ సంస్థలో సుసుము తమురా రూపొందించిన ఈ పెడల్, టి.ఎస్.808గా 1970 దశకం చివరలోనూ, టి.ఎస్.9గా 1982లోనూ వెలువడింది. దీని ప్రధాన లక్షణం మధ్య స్థాయి పౌనఃపున్యాలను ముందుకు తేవడం. సుమారు 720 హెర్ట్జ్‌కు దిగువన దీని వర్ధనం క్రమంగా తగ్గుతుంది. గిటారు అడుగు తీగ పలికే స్వరం సుమారు 82 హెర్ట్జ్ కావున, మంద్ర స్వరాలు బురదగా అలుముకోకుండా స్పష్టంగా వినిపిస్తాయి. డ్రైవ్‌ను పూర్తిగా తగ్గించినా ఈ పెడల్ తొలి దశ సంకేతాన్ని సుమారు 12 రెట్లు పెంచుతుంది. పూర్తిగా పెంచితే అది సుమారు 118 రెట్లవుతుంది. అమెరికన్ బ్లూస్ వాదకుడు స్టీవీ రే వాన్ ఫెండర్ యాంప్లిఫయర్ల ముందు దీనిని వాడి ప్రచారంలోకి తెచ్చాడు.

1995లో వచ్చిన బాస్ బి.డి.–2 బ్లూస్ డ్రైవర్ మంద్ర స్వరాలను అంతగా కోయదు. దాదాపు స్వచ్ఛమైన ధ్వని మొదలుకొని ఫజ్‌కు చేరువైన గరుకుదనం వరకు దీని పరిధి విశాలం. పదును మాత్రం కొంత ఎక్కువ. మార్షల్ సంస్థ 1990 దశకం తొలినాళ్లలో అమ్మిన బ్లూస్‌బ్రేకర్ పెడల్‌ను 2023లో తిరిగి విడుదల చేసింది. గిటారు సహజ ధ్వనిని పెద్దగా మార్చకుండా స్వల్ప గరుకుదనాన్ని చేర్చడం దీని ప్రత్యేకత.

అమెరికాలో బిల్ ఫినెగన్ 1994 నుండి తయారు చేసిన క్లాన్ సెంటార్ జెర్మేనియం డయోడులు గలది. అణచిన సంకేతంతో స్వచ్ఛమైన సంకేతాన్ని కలిపి పంపడం దాని విశేషం. దాని ఉత్పత్తి ఆగిపోయిన తరువాత పాత పెడళ్లకు సేకర్తలు చెల్లించే ధర సామాన్యులకు అందనిది. ఆ నిర్మాణాన్ని అనుసరించే నమూనాలు పలు సంస్థల నుండి లభిస్తున్నవి గనుక, పేరు కోసం అప్పు చేయనవసరం లేదు.

యాంప్లిఫయర్‌ను బట్టి ఎంపిక

మంచి పెడల్ ఏదన్న ప్రశ్నకు ముందు, అది దేనికి తగిలించబడుతుందన్న ప్రశ్నకు సమాధానం దొరకాలి. ఇందులో మూడు సందర్భాలున్నవి.

వాల్వు యాంప్లిఫయర్ గరుకెక్కడానికి సిద్ధంగా ఉన్న స్థాయిలో వాడేవారికి ట్యూబ్ స్క్రీమర్, ఎస్.డి.–1 వంటివి అనుకూలం. డ్రైవ్ తగ్గించి, లెవెల్ పెంచితే పెడల్ స్వయంగా కొద్దిగానే గరుకెక్కి, మిగిలిన పనిని వాల్వులకు అప్పగిస్తుంది. మధ్య స్వరాలు సహజంగా వెనుకబడి ఉండే ఫెండర్ తరహా యాంప్లిఫయర్లకు ఈ జోడి బాగా నప్పుతుంది. మధ్య స్వరాలు ఇప్పటికే ముందున్న యాంప్లిఫయర్‌తో ఇదే పెడల్ డబ్బాలో నుండి పలికినట్లు ఉండవచ్చు.

ఇళ్లలో ఉండే చిన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ స్వచ్ఛంగా మాత్రమే పలికినప్పుడు, గరుకుదనం అంతా పెడల్ నుండే రావాలి. పరిధి విశాలమైన బి.డి.–2, లేదా స్వచ్ఛ సంకేతాన్ని కలిపే క్లాన్ తరహా పెడల్ ఇక్కడ మెరుగు.

మూడవ సందర్భంలోనే డబ్బు ఎక్కువగా వృథా అవుతుంది. చర్చి గాయక బృందాలలోను, ఆర్కెస్ట్రాలలోను కొందరు గిటారును పెడల్ ద్వారా నేరుగా మిక్సర్‌కు కలుపుతారు. గిటారు యాంప్లిఫయర్‌లోని 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్‌కు పైబడిన ధ్వనిని బాగా తగ్గిస్తుంది. సభా స్పీకర్లు అలా తగ్గించవు. అందువలన ఎంత ఖరీదైన పెడల్ అయినా తుమ్మెద రొదవలె వినిపిస్తుంది. ఇట్టివారు పెడల్‌ను మార్చడం కంటె, స్పీకర్ స్వభావాన్ని అనుకరించే పరికరాన్ని పెడల్‌కు, మిక్సర్‌కు నడుమ అమర్చుకోవడం మేలు.

దుకాణంలో పరీక్షించే పద్ధతి

వీలైనంత వరకు సొంత గిటారును వెంట తీసుకొని వెళ్లాలి. ఇంటిలోని యాంప్లిఫయర్ రకానికి చెందినదే దుకాణంలోనూ అడగాలి.

మొదట, పెడల్ ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా ధ్వని సమానంగా ఉండేలా లెవెల్‌ను సరిచేయాలి. బిగ్గరగా ఉన్నదే మేలైనదని చెవి పొరబడుతుంది. ఈ ఒక్క జాగ్రత్త సగం తప్పుల నుండి కాపాడుతుంది.

రెండవది, డ్రైవ్‌ను మధ్యలో ఉంచి, గిటారు వాల్యూమ్‌ను 10 నుండి 5కు తగ్గించాలి. గరుకుదనం తగ్గి, స్వరం స్పష్టంగా మిగిలితే ఆ పెడల్ ఉపయుక్తం. స్వరం మూగవోయినా, గరుకుదనం అలాగే ఉన్నా అది ఒక్క పనికే పరిమితం.

మూడవది, ఆరు తీగల పూర్తి కార్డును వాయించాలి. పలు స్వరాలు ఒకేసారి డయోడులను చేరినప్పుడు వాటి మొత్తాలు, భేదాలు కూడా కొత్త పౌనఃపున్యాలుగా పుట్టి కలత కలిగిస్తాయి. తక్కువ డ్రైవ్‌లోనైనా కార్డులోని ఒక్కొక్క స్వరం విడిగా వినిపించాలి.

నాలుగవది, వాయించడం ఆపి, డ్రైవ్‌ను పూర్తిగా పెంచి, రొదను గమనించాలి. సింగిల్ కాయిల్ పికప్‌ల గిటారుతో ఇది సహజంగానే కొంత ఎక్కువగా ఉంటుంది.

విద్యుత్తు విషయంలో జాగ్రత్త

అధిక భాగం పెడళ్లకు 9 వోల్టుల ఏకముఖ విద్యుత్తు, పిన్ మధ్యలో ఋణ ధ్రువం గల అడాప్టర్ అవసరం. కీబోర్డు అడాప్టర్లలో కొన్ని 12 వోల్టులవి, మధ్యలో ధన ధ్రువం గలవి. పిన్ సరిపోయిందని తగిలిస్తే పెడల్ కాలిపోవచ్చు. పెడల్‌పై, అడాప్టర్‌పై ముద్రించిన గుర్తులను సరిచూసుకొన్న తరువాతనే కలపాలి. స్థిరీకరణ లేని చౌక అడాప్టర్ గుంయ్‌మనే రొదను చేరుస్తుంది. బ్యాటరీతో నడిపేవారు వాడకం ముగియగానే ఇన్‌పుట్ కేబుల్‌ను తీసివేయాలి. అనేక పెడళ్లలో ఆ కేబులే బ్యాటరీ స్విచ్చుగా పని చేస్తుంది.

సంగ్రహంగా చెప్పాలంటే, ముందు యాంప్లిఫయర్‌ను, పిమ్మట చేతిని, చివరకు ధరను చూసి ఎంచుకోవాలి. గిటారు వాల్యూమ్‌ను తగ్గించినప్పుడు స్వచ్ఛత నిలుపుకొనే సాధారణ పెడల్, ఆ గుణం లేని ఖరీదైన పెడల్ కంటె విద్యార్థికి ఎక్కువ కాలం తోడుంటుంది.