ఇరవై ఏళ్ల తెరమరుగు: రుమేనియా దర్శకుడు లూచియాన్ పింతిలియే

నల్లసముద్ర తీరానికి చేరువనున్న బెస్సరేబియా ప్రాంతం 1812లో రష్యా సామ్రాజ్యంలో చేరింది; 1918లో రుమేనియాలో విలీనమైంది; 1940లో సోవియట్ యూనియన్ వశమైంది. దాని దక్షిణ భాగం నేడు ఉక్రెయిన్‌లో ఉన్నది. ఆ భాగంలో జర్మన్ వలసదారులు నెలకొల్పిన తరూతినో అనే చిన్న ఊరిలో, అది ఇంకా రుమేనియాలో ఉన్న రోజులలో, 1933 నవంబరు 9న లూచియాన్ పింతిలియే జన్మించాడు. అధికారం చేతులు మారినప్పుడల్లా సామాన్యుని బ్రతుకు ఎట్లా తలక్రిందులవుతుందో ఆ నేలలో పుట్టినవానికి వేరుగా బోధించనక్కరలేదు.

బుకారెస్టులోని రంగస్థల, చలనచిత్ర కళల సంస్థలో శిక్షణ పొందిన పింతిలియే మొదట నాటక ప్రయోక్తగా పేరు తెచ్చుకున్నాడు. నగరంలోని బులాంద్రా రంగశాల ఆయన కార్యక్షేత్రం. దానికి సారథి లీవియు చులేయ్. ఈయన స్వయంగా చలనచిత్ర దర్శకుడు. 'ఉరితీయబడినవారి అడవి' అనే చిత్రానికి 1965లో కాన్ ఉత్సవంలో ఉత్తమ దర్శకుని బహుమతి అందుకున్నాడు. చిత్రపరిశ్రమ 1948లోనే జాతీయం కావడం వల్ల రుమేనియాలో నిర్మాతా, పంపిణీదారూ, పరీక్షకుడూ ప్రభుత్వమే. కళాకారునికి జీతం, స్టూడియో, ముడిఫిల్మూ అన్నీ దొరికేవి. వాటిని ఇచ్చిన చేయి తీసిన చిత్రాన్ని తెర మీదికి రానీయకుండా కూడా చేయగలదు. 1965లో అధికారానికి వచ్చిన చౌషెస్కూ తొలి సంవత్సరాలలో ఆ పట్టు కొంత సడలింది. 1968 ఆగస్టులో చెకొస్లొవేకియాపై జరిగిన సైనిక దాడిని ఆయన బహిరంగంగా ఖండించినప్పుడు దేశంలోనూ, వెలుపలా చాలామంది ఆశలు పెంచుకున్నారు.

ఆ సడలింపు కాలంలోనే పింతిలియే తన రెండవ చిత్రం తీశాడు. దాని పేరు న్యాయ వ్యవహారాలకు సంబంధించిన మాట. నేరం జరిగిన తీరును నిందితుల చేతనే మళ్లీ చేయించి చూడడాన్ని అది సూచిస్తుంది; తెలుగులో 'పునరభినయం' అనవచ్చును. వాస్తవ సంఘటన ఆధారంగా హోరియా పత్రాష్కు రచించిన కథ దానికి మూలం. ఇద్దరు యువకులు తాగిన మత్తులో ఒక పానశాల దగ్గర కొట్లాడుకుంటారు. అపరాధం స్వల్పమైనది. తాగుడు వల్ల కలిగే అనర్థాలను యువతకు తెలియజెప్పే ప్రబోధచిత్రం కోసం వారు ఆ కొట్లాటను సంఘటనా స్థలంలో తిరిగి నటించాలని అధికారులు ఏర్పాటు చేస్తారు. ఒక ప్రాసిక్యూటరు, ఒక పోలీసు, ఒక ఉపాధ్యాయుడు, కెమెరా బృందం హాజరవుతారు. దెబ్బలు సహజంగా లేవని మళ్లీ మళ్లీ కొట్టుకోమంటారు. దగ్గరలో ఫుట్‌బాల్ ఆట జరుగుతున్నది. జనం కేకలు వినబడుతుంటాయి. చివరకు నిజమైన దెబ్బ ఒకటి పడుతుంది. యువకులలో ఒకడు మరణిస్తాడు. ఆట చూసి తిరిగివస్తున్న జనం ఏమి జరిగిందో తెలియకయే రెండవవానిని చుట్టుముడతారు.

నిరంకుశ వ్యవస్థను చిత్రించేటప్పుడు అధికారిని క్రూరునిగా చూపడం పరిపాటి. పింతిలియే ఆ సులువైన దారి త్రొక్కలేదు. ఆయన ప్రాసిక్యూటరుకు ఆ కుర్రవాళ్ల మీద ద్వేషం లేదు. ఉన్నదల్లా విసుగు, పని త్వరగా ముగించుకొని పోవాలనే తొందర. పథకం ఉద్దేశం మంచిది. కాగితం మీద దానికి వంక పెట్టడానికి లేదు. ఇక చాలునని చెప్పవలసిన బాధ్యత మాత్రం అక్కడ ఎవరిదీ కాదు. ఫైళ్ల నడుమ జీవితం గడిపిన పాఠకునికి ఈ చిత్రం కలిగించే ఇబ్బంది సినీ విమర్శకుడు పొందే ఆనందం కంటె లోతైనదని చెప్పవచ్చు. పైగా ప్రభుత్వ ధనంతో తయారయ్యే ప్రబోధచిత్రమొకటి మనిషి ప్రాణం తీసే ఈ కథ ప్రభుత్వ ధనంతోనే తయారయింది.

1968లో తీసిన ఆ చిత్రం 1970 ఆరంభంలో గాని ప్రదర్శనకు రాలేదు. వచ్చినా ఎక్కువకాలం నిలువలేదు. దానిని తెర నుండి తొలగించారు. మరుసటి సంవత్సరం చౌషెస్కూ చైనా, ఉత్తర కొరియాలు చూసివచ్చి, జూలైలో సాంస్కృతిక రంగంపై పార్టీ అదుపును బిగించే సిద్ధాంత ప్రతిపాదనలు ప్రకటించాడు. 1972లో బులాంద్రాలో పింతిలియే ప్రయోగించిన గొగోల్ నాటకం 'ఇన్‌స్పెక్టర్ జనరల్' మూడు ప్రదర్శనలతో ఆగిపోయింది. పై నుండి తనిఖీ వస్తున్నదనగానే వణికిపోయే చిన్న ఊరి ఉద్యోగుల కథ అది. జారుల కాలంలో వ్రాసిన ప్రహసనం నూట ముప్పై ఏళ్లు దాటిన తరువాత కూడా పాలకులకు ములుకులా తగిలిందన్నమాట. చులేయ్ రంగశాల సారథ్యాన్ని కోల్పోయాడు. పింతిలియేకు స్వదేశంలో పని కరవైంది.

ఆ తరువాత ఆయన పారిస్‌లోనూ, అమెరికాలోనూ నాటకాలు ప్రయోగించాడు. అప్పటికి మినియాపొలిస్‌లోని గత్రీ రంగశాలకు కళాదర్శకుడు చులేయ్. బుకారెస్టు పోగొట్టుకున్న ఇద్దరికీ పరాయి గడ్డ మీద ఒకే వేదిక దొరికింది. 1978లో యుగొస్లావియా టెలివిజన్ కోసం చెకోవ్ కథ 'ఆరవ నంబరు వార్డు'ను చిత్రంగా మలిచాడు. నడుమ ఒకసారి స్వదేశంలో చిత్రం తీసే అవకాశం వచ్చింది. రుమేనియా హాస్య నాటకకర్త కరాజియాలే రచనల ఆధారంగా 'గంటలు ఎందుకు మోగుతున్నాయి, మితీకా?' పూర్తయినది 1981లో. ప్రేక్షకులు చూసినది 1990లో.

1989 డిసెంబరులో చౌషెస్కూ పాలన కూలిన తరువాత పింతిలియే తిరిగివచ్చి, సాంస్కృతిక మంత్రిత్వశాఖ క్రింద ఏర్పడిన చిత్రనిర్మాణ స్టూడియోకు అధిపతి అయినాడు. నిన్నటిదాకా చిత్రాలను అటకెక్కించిన ప్రభుత్వ యంత్రాంగంలోనే ఇప్పుడు ఆయనకు కుర్చీ దొరికింది. ఏబయ్యవ పడి దాటుతున్న ఆ వయస్సులో ఆయన చూపిన వేగం ఆశ్చర్యకరం. 1992 నాటి చిత్రాన్ని రుమేనియన్‌లో 'త్రాసు' అనీ, విదేశాలలో 'ఓక్ వృక్షం' అనీ పిలిచారు. రహస్య పోలీసు అధికారి కుమార్తె తండ్రి చితాభస్మాన్ని కాఫీ సీసాలో పెట్టుకొని, చౌషెస్కూ పాలన చివరి రోజులలో శిథిలమవుతున్న దేశమంతా తిరుగుతుంది. 1994లో వచ్చిన 'మరపురాని వేసవి' మళ్లీ సరిహద్దు కథ. 1925లో, బల్గేరియా సరిహద్దున ఉన్న దోబ్రోజియాలో, ప్రతీకారంగా కాల్చివేయడానికి బందీలుగా పట్టుకున్న రైతులు ఆ ఉత్తర్వు అమలు చేయవలసిన సైనికాధికారి భార్యకు తోటపని చేసి పెడుతుంటారు. 'తెర్మినుస్ పరదీస్' 1998లో వెనిస్ ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందింది.

ఇంతకంటె తక్కువగా చెప్పుకొనే చిత్రం ఒకటున్నది. 2001లో తీసిన 'చిత్రహింసకుని ఒక మధ్యాహ్నం'లో కమ్యూనిస్టు చెరసాలలలో ఖైదీలను హింసించిన వృద్ధుడు తన నేరాలు చెప్పుకోవడానికి సిద్ధపడతాడు. వినగోరేవారు మాత్రం అరుదు. బహుమతుల చిత్రాల కంటె ఇదే ఎక్కువ కాలం మనస్సును వదలదు.

2003లో వచ్చిన 'నికి, ఫ్లో' ఆయన చివరి పూర్తి నిడివి చలనచిత్రం. దాని రచనలో పాలుపంచుకున్న క్రిస్తి పూయూ 2005లో 'లజరెస్కు గారి మరణం' తీసి రుమేనియా నూతన చిత్రోద్యమానికి నాంది పలికాడు. రెండేళ్లకు క్రిస్తియాన్ ముంజియు కాన్‌లో స్వర్ణ తాళపత్రం గెలుచుకున్నాడు. 2008లో రుమేనియా విమర్శకులు తమ దేశపు ఉత్తమ చిత్రాలను ఎంచినప్పుడు ప్రథమ స్థానం 'పునరభినయం'కు దక్కింది. రెండవది చులేయ్ తీసిన 'ఉరితీయబడినవారి అడవి'. పింతిలియే 2018 మే 16న బుకారెస్టులో మరణించాడు.