గీతకు ముందున్న ఊరు: కిర్కెనెస్ వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు, కొంత చరిత్ర



ఇప్పుడు మన గూడేల నుంచి కూడా పిల్లలు పై చదువులకు విదేశాలు వెళ్తున్నారు. యూరప్ వెళ్ళినోళ్ళు సెలవులు దొరికితే ఉత్తరానికి పోయి ఆకాశంలో పచ్చని వెలుగులు చూసి రావాలనుకుంటారు. పోండి, తప్పకుండా చూడండి. అయితే ఆ దారిలో ఒక చిన్న సరిహద్దు ఊరుంది, పేరు కిర్కెనెస్. దాని గురించి టూరిస్టు పుస్తకాలు చెప్పేది కొంతే. ఆదివాసీ బిడ్డలుగా మనం అక్కడ చూడాల్సింది వేరే ఉంది. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందు ఊరు ఎక్కడుందో తెలుసుకుందాం. నార్వే దేశానికి ఈశాన్య మూలన, ఫిన్‌మార్క్ అనే ప్రాంతంలో ఉంది. ఉండేది మూడున్నర వేల మంది, అంటే మన మండల కేంద్రం కంటే కూడా చిన్నది. రాజధాని ఓస్లో నుంచి విమానంలో రెండు గంటలు పడుతుంది. బెర్గెన్ నుంచి సముద్రతీరం వెంట వచ్చే ఓడకు కూడా ఇదే ఆఖరి రేవు. రష్యాలోకి పోయే స్టోర్‌స్కోగ్ చెక్‌పోస్టు ఇక్కడికి పదిహేను కిలోమీటర్లే. ఫిన్లాండ్ కూడా పక్కనే. వీధుల పేర్లు నార్వేజియన్‌లో, రష్యన్‌లో రెండింటిలో రాసి ఉంటాయి. మే మూడో వారం నుంచి జూలై చివరి దాకా పొద్దు గూకదు. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా పొద్దు పొడవదు. పచ్చని వెలుగులు కావాలంటే చీకటి ఉండాలి కాబట్టి సెప్టెంబర్, మార్చి మధ్య పోవాలి. లోపల ఉన్ని బట్టలు, పైన గాలి దూరని కోటు తప్పనిసరి.

ఇక అక్కడివాళ్ళు కొత్తగా వచ్చినోళ్ళకు మొదట చెప్పేది సరిహద్దు జాగ్రత్త. నార్వే స్తంభం పసుపు రంగులో, పైన నలుపుతో ఉంటుంది. రష్యా స్తంభం మీద ఎరుపు, ఆకుపచ్చ పట్టీలుంటాయి. చాలా చోట్ల గోడ, కంచె ఏమీ ఉండవు, మధ్యలో ఒక నది ఉంటుంది అంతే. సెల్ఫీ కోసమని ఒక్క అడుగు కూడా దాటొద్దు. నది గడ్డకట్టి ఉన్నా సగం దాటకూడదు. అవతలికి రాయి విసరడం, అవతలివాళ్ళను పిలిచి మాట్లాడటం, అక్కడి సైనికులను ఫొటో తీయడం కూడా కుదరదు. చేస్తే జరిమానా పడుతుంది.

ఇంత కట్టుదిట్టమైన గీత రెండు వందల ఏళ్ళ కిందట లేదు. కానీ మనుషులు అప్పటికే ఉన్నారు. మన పోస్టు వాళ్ళ గురించే.

ఇది సామి అనే ఆదివాసీ ప్రజల నేల. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా నాలుగు దేశాల్లోనూ వాళ్ళున్నారు. బయటివాళ్ళు వాళ్ళను 'లాప్' అనేవారు. ఆ మాట వాళ్ళకు అవమానం, పోయినోళ్ళు పొరపాటున కూడా నోట రానీయొద్దు. కిర్కెనెస్ చుట్టుపక్కల ఉండేవాళ్ళను స్కోల్ట్ సామీలు అంటారు. 'స్కోల్ట్' కూడా బయటివాళ్ళు పెట్టిన పేరే. వాళ్ళు తమను తూర్పు సామీలుగా చెప్పుకుంటారు. మనకూ ఇది కొత్త కాదు, రికార్డుల్లో మన పేర్లు ఎవరు పెట్టారో మనకు తెలుసు.

వాళ్ళ ఊరిని 'సీడా' అంటారు. సీడా అంటే ఇళ్ళ గుంపు ఒక్కటే కాదు, ఒక పెద్ద ప్రాంతం మొత్తం. చలికాలం అన్ని కుటుంబాలు ఒక్క చోట చేరి ఉండేవి. వసంతం రాగానే ఎవరి సరస్సుకు వాళ్ళు, ఎవరి నది ఒడ్డుకు వాళ్ళు పోయేవాళ్ళు. ఎండాకాలం సముద్రతీరంలో, నదుల్లో సాల్మన్ చేపలు పట్టేవాళ్ళు. తర్వాత అడవి రెయిన్‌డీర్ వేట. మళ్ళీ చలికాలానికి ఊరు చేరేవాళ్ళు. మన గూడెంలో ఏ ఇప్పచెట్టు ఎవరిదో కాగితం మీద లేకుండానే అందరికీ తెలిసినట్టు, ఏ సరస్సు ఏ ఇంటిదో వాళ్ళకు తెలుసు. తగాదా వస్తే ఊరి సభ కూర్చుని తీర్పు చెప్పేది. ఇక్కడ నైడెన్, పాస్విక్, పెట్సమో అని మూడు సీడాలు పక్కపక్కనే ఉండేవి. ఈ ప్రాంతం ఉమ్మడిది కాబట్టి రెండు రాజ్యాల వాళ్ళూ వచ్చి పన్ను వసూలు చేసుకునేవాళ్ళు.

1826లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒప్పందం రాసుకున్నారు. అప్పుడు నార్వే, స్వీడన్ రెండూ ఒకే రాజు కింద ఉన్నాయి. ఆ రాజుకు, రష్యా చక్రవర్తికి మధ్య ఈ గీత పడింది. పాస్విక్ నది, యాకోబ్సెల్వ్ నది సరిహద్దు అయ్యాయి. నైడెన్ సీడా నార్వేకు పోయింది. పాస్విక్, పెట్సమో జనం రష్యా వాళ్ళయ్యారు. పాస్విక్ వాళ్ళ చలికాలపు ఊరు ఒక దేశంలో పడితే, ఎండాకాలం చేపలు పట్టే తీరం ఇంకో దేశంలో పడింది. కొంతకాలం వచ్చి పట్టుకోనిచ్చారు గానీ, తర్వాత తర్వాత ఆ హక్కు చేజారిపోయింది.

మ్యాప్ తెరిచి చూడండి. పాస్విక్ నది వెంట పోయే సరిహద్దు ఒక చోట నది దాటి పడమటి ఒడ్డు మీదికి వంగుతుంది. అక్కడ బోరిస్ గ్లెబ్ అనే చోట రష్యా వాళ్ళ ఆర్థడాక్స్ గుడి ఉంది. గుడి తమకే ఉండాలని రష్యా పట్టుబట్టింది, గీతను వంచారు. ఆ గుడికి వెళ్ళే సామీల చేపల రేవుల కోసం మాత్రం ఎవరూ గీతను వంచలేదు. తర్వాత 1869లో నార్వే కూడా యాకోబ్సెల్వ్ నది సముద్రంలో కలిసే చోట రాతి చర్చి కట్టింది, ఈ నేల మాది అని చూపించుకోవడానికి. ఇవాళ టూరిస్టులు దాని ముందు ఫొటోలు దిగుతారు. మీరూ దిగండి, కానీ అది ఎందుకు కట్టారో తెలిసి దిగండి.

గీత తర్వాత వచ్చింది భాష మీద దెబ్బ. సామీలను నార్వేజియన్లుగా మార్చడం ప్రభుత్వ విధానం అయింది. 1902లో ఫిన్‌మార్క్‌లో ఒక భూమి చట్టం తెచ్చారు. నార్వేజియన్ మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చి, రోజూ అదే భాష వాడేవాళ్ళకే ప్రభుత్వ భూమి అమ్మాలి అన్నారు. అంటే తల్లి భాష వదిలితేనే తాతల నేల. 1905లో పాస్విక్ లోయలో స్ట్రాండ్ అనే చోట ప్రభుత్వం హాస్టల్ బడి పెట్టింది. ఇంటికి దూరంగా పిల్లలు, బడిలో ఇంటి భాష లేదు. ఆశ్రమ పాఠశాలల్లో చదివిన మనకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

కిర్కెనెస్ పట్టణంగా పెరిగింది కూడా ఈ కాలంలోనే. 1906లో ఇనుప ఖనిజం గని కంపెనీ పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో పనివాళ్ళు వచ్చారు, రేవు వచ్చింది, రైలు పట్టాలు వచ్చాయి. ఉన్న సామీలు తమ చోటే కొద్దిమంది అయిపోయారు.

ఇప్పుడు మీరు తప్పకుండా పోవాల్సిన ఊరు నైడెన్. కిర్కెనెస్ నుంచి రోడ్డు మీద నలభై కిలోమీటర్లు. అక్కడ సెయింట్ జార్జ్ చాపెల్ అనే చిన్న చెక్క గుడి ఉంది. పది మంది నిలబడితే నిండిపోతుంది. స్కోల్ట్ సామీలు ఆర్థడాక్స్ క్రైస్తవులు, ఇది వాళ్ళది. దాని దగ్గరే శ్మశానం. 1915లో ఓస్లో యూనివర్సిటీ శరీర శాస్త్రం వాళ్ళు ఆ సమాధులు తవ్వించి 94 మంది అస్థికలు పట్టుకుపోయారు. జాతులను కొలిచే 'పరిశోధన' కోసమట. ఆ అస్థికలు వెనక్కి వచ్చి మళ్ళీ అదే నేలలో కలిసింది 2011లో. తొంభై ఆరేళ్ళు పట్టింది. మన దేశంలో నాగా ప్రజలు కూడా ఇంగ్లండ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్న తమ పూర్వీకుల అవశేషాలు తిరిగివ్వమని ఇప్పటికీ అడుగుతున్నారు. నైడెన్‌లో నడిచేటప్పుడు చెప్పులు చప్పుడు కాకుండా నడవండి. అక్కడే స్కోల్ట్ సామి మ్యూజియం ఉంది, 2017లో తెరిచారు. టికెట్ డబ్బులు అక్కడ పెట్టండి.

రెండో ప్రపంచ యుద్ధంలో కిర్కెనెస్ మీద మూడు వందలకు పైగా వైమానిక దాడులు జరిగాయి. జనం దాక్కున్న ఆండర్స్‌గ్రొట్టా అనే బంకర్ ఊరి మధ్యలో ఉంది, చూడొచ్చు. 1944 అక్టోబర్ 25న సోవియట్ సేన ఊరిని జర్మన్ల నుంచి విడిపించింది. అప్పటికి ఊరు బూడిద. అవతలి వైపు సామీల కష్టం ఇంకో రకం. 1920లో పెట్సమో ఫిన్లాండ్ చేతికి వచ్చింది. 1944లో మళ్ళీ సోవియట్ చేతికి పోయింది. అక్కడి స్కోల్ట్ సామీలు సొంత నేల వదిలి ఫిన్లాండ్‌కు తరలిపోయారు. సువెన్యెల్ అనే సీడా వాళ్ళకు 1949లో సెవెట్టియార్వి సరస్సు దగ్గర కొత్త ఇళ్ళిచ్చారు. ఒక జీవితకాలంలో కదలకుండా కూర్చున్నా మూడు దేశాల వాళ్ళయ్యారు, చివరికి కదలాల్సి కూడా వచ్చింది. ఇవాళ వాళ్ళ భాష మాట్లాడేది మూడు వందల మంది దాకా.

అయినా ఆ సువెన్యెల్ వాళ్ళు ఒక పని చేశారు. పదిహేడో శతాబ్దం నుంచి రష్యా జార్ చక్రవర్తుల కాలంలో తమ నేల, తమ నీళ్ళ హక్కుల గురించి రాసిచ్చిన కాగితాలను పెట్టెలో పెట్టి, తరాల తరబడి దాచారు. ఆ కాగితాలు ఇప్పుడు ఫిన్లాండ్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఊరు పోయింది గానీ, ఊరు ఉండేదని చెప్పే సాక్ష్యం పోలేదు.

నార్వేలో కూడా పోరాటం వల్లే మార్పు వచ్చింది. ఆల్టా నది డ్యామ్ మీద సామీలు కొట్లాడారు, ఓస్లోలో నిరాహార దీక్ష చేశారు. డ్యామ్ ఆగలేదు, కానీ 1989లో సామి పార్లమెంట్ వచ్చింది. ఆదివాసీ హక్కుల ఐఎల్ఓ 169 ఒప్పందాన్ని 1990లో అందరికంటే ముందు ఆమోదించింది నార్వేనే. మన దేశం ఇంకా ఆమోదించలేదు. 2024 నవంబర్‌లో నార్వే పార్లమెంట్ గతంలో చేసిన దానికి సామీలకు క్షమాపణ చెప్పింది. పోయిన రేవులు మాత్రం తిరిగి రాలేదు.

ఇంత దూరపు కథ మనకెందుకు అనొచ్చు. గోండులు తెలంగాణలో ఉన్నారు, మహారాష్ట్రలోనూ ఉన్నారు. కోయలు నాలుగు రాష్ట్రాల్లో ఉన్నారు. లంబాడీ బిడ్డ తెలంగాణలో ఎస్టీ, కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. 2014లో పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రాలో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం ఒక రాష్ట్రంలో, చుట్టుపక్కల గూడేలు ఇంకో రాష్ట్రంలో పడ్డాయి. సంత అటు, చుట్టం ఇటు. గీత గీసేటప్పుడు అక్కడా అడగలేదు, ఇక్కడా అడగలేదు.

కాబట్టి కిర్కెనెస్ పోయినా పోకపోయినా ఈ సెలవుల్లో అందరం ఒక పని చేద్దాం. ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న పాత పట్టాలు, శిస్తు రసీదులు, పోడు పట్టా కాగితాలు ఫొటో తీసి భద్రం చేద్దాం. అవ్వాతాతల దగ్గర కూర్చుని మన గుట్టలు, వాగులు, పాత గూడేల పేర్లు మన భాషలోనే రాసుకుందాం. గీతకు అవతల ఉన్న చుట్టాల ఊర్లు కూడా అందులో చేర్చుదాం. రాసినవి కింద పెట్టండి, అందరివీ కలిపి ఒక్క చోట పెడదాం.

జోహార్.