చేలోని బుట్ట నుంచి గోడమీది ప్లగ్గు దాకా: పిల్లిని శాంతపరిచే వాసన కథ

చరిత్ర అనగానే మనకు కోటలు, రాజులు, యుద్ధాలు గుర్తొస్తాయి. ఈరోజు అవేవీ లేవు. ఈరోజు ఒక వాసన చరిత్ర చెప్పుకుందాం. అది మన ముక్కుకు అందని వాసన. ఫ్రాన్స్‌లో ఒక పల్లెలో మొదలైన ఈ కథ బీహార్ మీదుగా నడిచి, జమ్మలమడుగు నల్లరేగడి చేలదాకా వచ్చింది. ఇప్పుడు మీ ఇంటి స్విచ్ బోర్డుదాకా వచ్చింది. అదే పిల్లుల్ని శాంతపరిచే ఫెరోమోన్.

విషయం ఏమిటంటే, మన ప్రొద్దుటూరులో, పులివెందులలో కూడా ఇళ్లలో పిల్లుల్ని పెంచుకోవడం మామూలైపోయింది. ఇల్లు మారినా, కొత్త పిల్లిని తెచ్చినా, పండగకు చుట్టాలొచ్చినా ఆ పిల్లి కాలుగాలిన పిల్లిలాగే తిరుగుతుంది. గోడలమీద మూత్రం చిమ్ముతుంది, సోఫా చింపుతుంది. ఫోన్లో వెతికితే దోమల మిషన్ లాంటి ఒక ప్లగ్గు కనిపిస్తుంది. 'పెట్టండి, పిల్లి నెమ్మదిస్తుంది' అని రాసి ఉంటుంది. కొనేముందు ఎవరికైనా వచ్చే సందేహం ఒకటే: ఇది పిల్లికి ప్రమాదమా? ఇంట్లో పసిపిల్లలకు ఏమన్నా అవుతుందా? దీనికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు ఒక మాట. ఫెరోమోన్ అనేది మన జిల్లాకు కొత్త కాదు. మీ ఇంట్లో ఎవరైనా బుడ్డ శనగో, పత్తో పెట్టి ఉంటే చేలో కర్రలకు కట్టిన ప్లాస్టిక్ బుట్టలు చూసే ఉంటారు. వాటినే లింగాకర్షక బుట్టలు అంటాం. అందులో చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. దాంట్లో ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన మందు ఉంటుంది. మగ పురుగు మోసపోయి వచ్చి బుట్టలో పడుతుంది. చేలో ఉన్న ఆ రబ్బరు ముక్క, ఇంట్లో ఉన్న ఈ ప్లగ్గు దూరపు చుట్టాలు.

ఈ వాసనను మొదట పట్టుకోవాలని చూసినవాళ్లలో ఒకరు జాఁ ఆన్రీ ఫాబ్ర్. దక్షిణ ఫ్రాన్స్‌లో పురుగుల్ని చూస్తూ జీవితం గడిపిన మనిషి. ఒక మే నెల ఉదయం ఆయన గదిలో గూడు పగిలి పెద్ద ఆడ చిమ్మట బయటికొచ్చింది. దాన్ని జాలీ బుట్ట కింద ఉంచాడు. ఆ రాత్రి ఎక్కడెక్కడినుంచో దాదాపు 40 మగ చిమ్మటలు ఇంట్లోకి వచ్చి పడ్డాయి. ఘాటు వాసన పెడితే ఆగుతాయేమో అని చుట్టూ నాఫ్తలీన్ పెట్టి చూశాడు. అవే మన కలరా ఉండలు. అయినా మగవి వచ్చాయి. ఆడదాన్ని గాలి చొరబడకుండా మూసినప్పుడే ఆగాయి. అంటే ఏదో గాలిలో వెళ్తోంది. అదేమిటో ఆ రోజుల్లో తెలియలేదు.

తర్వాతి ఘట్టం మన దేశంలోనే జరిగింది. బీహార్‌లోని పూసాలో బ్రిటిష్ కాలం నాటి వ్యవసాయ పరిశోధన సంస్థ ఉండేది. అక్కడి కీటక శాస్త్రవేత్త ఎఫ్.ఎం. హౌలెట్. సిట్రొనెల్లా నూనె వాసనకు పండు ఈగలు వచ్చి వాలడం ఆయన గమనించాడు. తీరా చూస్తే వచ్చినవన్నీ మగవే. 1912లో ఆ సంగతి రాశాడు, 1915లో మిథైల్ యూజినాల్ అనే పదార్థం గురించి రాశాడు. ఇవాళ మామిడి, జామ తోటల్లో పండు ఈగకు కట్టే బుట్టల్లో వాడేది ఆ మిథైల్ యూజినాలే. అది మన తులసిలో కూడా ఉంటుంది.

ఇక అసలు మలుపు 1959. జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాన్ట్ అనే రసాయన శాస్త్రవేత్త పట్టుపురుగు వాసన మీద పడ్డాడు. ఈయన 1939లో నోబెల్ బహుమతి వచ్చినా నాజీ ప్రభుత్వం తీసుకోనివ్వని మనిషి. సుమారు 20 ఏళ్లు, దాదాపు 5 లక్షల ఆడ పట్టు చిమ్మటలు. ధర్మవరం పట్టు, హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ తెలిసిన మనకు 5 లక్షల గూళ్లంటే ఎంతో తెలుసు. అన్నిటినుంచీ ఆయన తీసింది కొన్ని మిల్లీగ్రాములు మాత్రమే. దానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. అదే ఏడాది పీటర్ కార్ల్‌సన్, మార్టిన్ లూషర్ అనే ఇద్దరు ఇలాంటి పదార్థాలన్నిటికీ కలిపి 'ఫెరోమోన్' అనే మాట పుట్టించారు.

అక్కడినుంచి కథ చేలోకి వచ్చింది. పత్తిలో గులాబీ రంగు పురుగు ఫెరోమోన్‌ను 1973లో గుర్తించారు. 1978లో అమెరికా దాన్ని పంటలో వాడకానికి అనుమతించింది. మన దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1980ల్లో శనగపచ్చ పురుగు కోసం దేశంలో చాలాచోట్ల ఈ బుట్టలు పెట్టించి లెక్కలు తీసింది. తర్వాత అవి రైతులదాకా వచ్చాయి.

ఇక్కడ ఆగి ఒక విషయం గమనించండి. ఈ బుట్టలు పురుగుమందుకన్నా ఎందుకు సురక్షితం? మొదటిది, ఇది విషం కాదు, సందేశం. శనగపచ్చ పురుగు భాష తేనెటీగకు రాదు. రెండోది, కావలసింది అతి కొంచెం. మూడోది, దాన్ని పైరుమీద చల్లం, రబ్బరు ముక్కలోనే ఉంటుంది. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకోండి. పిల్లి దగ్గర కూడా ఇదే కొలబద్ద వాడదాం.

ఇప్పుడు పిల్లి దగ్గరికి వద్దాం. మందలో పొట్టేలు ఒక్కోసారి పై పెదవి పైకెత్తి అలా నిలబడిపోవడం పల్లెల్లో పెరిగినవాళ్లు చూసే ఉంటారు. పిల్లి కూడా నోరు సగం తెరిచి అలాగే చేస్తుంది. అది వెక్కిరింపు కాదు. ముక్కుకూ అంగిటికీ మధ్య ఉన్న ఇంకో వాసన అవయవానికి గాలిని చేరవేయడం. డెన్మార్క్ వైద్యుడు లుడ్విగ్ యాకబ్సన్ 19వ శతాబ్దం మొదట్లో దాన్ని వర్ణించాడు, అందుకే ఆయన పేరుతో పిలుస్తారు. మనుషుల్లో అది పనిచేసే స్థితిలో లేదని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

పిల్లి మీ కాళ్లకు, తలుపు అంచుకు బుగ్గ రుద్దుతుంది కదా? ముద్దు చేస్తోందనుకుంటాం. నిజానికి బుగ్గల్లోని గ్రంథుల వాసన అక్కడ పూసి, 'ఇది నాకు తెలిసిన చోటు' అని సంతకం పెడుతోంది. ఫ్రాన్స్‌కు చెందిన పశువైద్యుడు పాత్రిక్ పాజా ఈ స్రావాల్ని అయిదు రకాలుగా విడదీశాడు. బుగ్గ రుద్దిన చోట పిల్లి సాధారణంగా మూత్రం చిమ్మదు. అయితే ఆ సంతకాన్ని మనమే తయారుచేసి గదిలో పెడితే? ఆ ఆలోచనలోంచి, ఎఫ్3 అనే మూడో రకం ఆధారంగా, 1990ల మధ్యలో ఫెలివే అనే ఉత్పత్తి వచ్చింది. ఇప్పుడు దాన్ని అమ్మేది సెవా అనే ఫ్రెంచ్ కంపెనీ. ఆ స్రావాల మీద పాజాకు 1998లో అమెరికా పేటెంట్ వచ్చింది.

అందులో ఏముంటుందో వింటే ఆశ్చర్యపోతారు. ఎక్కువగా కొవ్వు ఆమ్లాలు. ఒలీయిక్ ఆమ్లం ఒకటి, అది మన శనక్కాయ నూనెలో దండిగా ఉంటుంది. అజెలాయిక్ ఆమ్లం ఇంకొకటి, మొటిమల క్రీముల్లో దాని పేరు చూడొచ్చు. పాల్మిటిక్ ఆమ్లం ఉంది, అది నెయ్యిలో కూడా ఉంటుంది. ఇది నిద్రమాత్ర కాదు, పిల్లిని మత్తులో పడేయదు. మన కొలబద్దతో చూస్తే, ఇది విషం కాదు సందేశమే, కావలసిందీ కొంచెమే. అందుకే వాసన వరకూ భయపడాల్సిన పని పెద్దగా లేదు.

కానీ మూడో షరతు దగ్గర తేడా వస్తుంది. చేలో రబ్బరు ముక్క. ఇంట్లో సీసాలో ద్రవం, దాన్ని వేడిచేసే కరెంటు. నా దృష్టిలో అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

పిల్లి కాలేయం మన కాలేయంలాంటిది కాదు. కొన్ని పదార్థాల్ని విరిచి బయటికి పంపే శక్తి దానికి చాలా తక్కువ. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. దీనికి చరిత్రలో పాఠం ఉంది. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకాన్ని ఒకప్పుడు మెత్తటి పిల్లి ఆహారంలో కలిపేవారు. మనుషులు తినే సరుకుల్లో అనుమతి ఉన్నదే. అయితే పిల్లుల ఎర్ర రక్తకణాలు దానివల్ల దెబ్బతింటున్నాయని తేలి, 1996లో అమెరికా దాన్ని పిల్లి ఆహారంలో నిషేధించింది. కాబట్టి 'మనకు ఏం కాదు కదా' అనేది పిల్లి విషయంలో వాదనే కాదు.

ప్లగ్గు సీసాలో సాధారణంగా నూనెలాంటి హైడ్రోకార్బన్ ద్రావకం ఉంటుంది. గాలిలో కొద్దికొద్దిగా వెళ్తే ఫర్వాలేదు, కానీ పసిపిల్లలు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సీసా వాళ్ల చేతికి అందకూడదు. స్ప్రే అయితే అందులో ఆల్కహాల్ ఉంటుంది. బుట్టలో కొట్టి 15 నిమిషాలు ఆరనిచ్చాకే పిల్లిని పెట్టాలి. పిల్లిమీద నేరుగా కొట్టకూడదు.

ఇంకో సంగతి, నకిలీ బంధువులు. 'కామింగ్' అని రాసి లోపల లావెండర్ నూనెలాంటి సుగంధ నూనెలు నింపినవి కూడా అమ్ముతారు. అవి ఫెరోమోన్లు కావు. టీ ట్రీ నూనెలాంటివి పిల్లికి విషం. అలాగే కుక్కల పిడుదులకు వాడే పర్మెత్రిన్ మందు, నేల తుడిచే ఫినాయిల్, బీరువాలోని కలరా ఉండలు. ఇవేవీ పిల్లికి పడవు. ప్లగ్గు గురించి బెంగపడుతూ ఫినాయిల్ నేలమీద పిల్లిని తిరగనిస్తే ఏం లాభం?

కరెంటు సంగతి చూద్దాం. అమెరికాలో ఉన్న అన్నో అక్కో వచ్చేటప్పుడు తెచ్చిన ప్లగ్గు 120 వోల్టులకు తయారైంది. మనది 230. అడాప్టర్ తగిలిస్తే పిన్ను మారుతుంది కానీ వోల్టేజి మారదు, వేడెక్కి కాలిపోవచ్చు. ఇక్కడిదైనా కర్టెన్ వెనక, సోఫా వెనక పెట్టకండి. ఒక సీసా సుమారు 30 రోజులు వస్తుంది, ప్లగ్గును ఆరు నెలలకోసారి మార్చమంటారు.

ఇంతకీ పనిచేస్తుందా? నిజాయితీగా చెప్పుకోవాలి. 2010లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని జల్లెడ పట్టిన ఒక సమీక్ష, కుక్కలకైనా పిల్లులకైనా చాలావాటికి సరైన ఆధారం లేదని తేల్చింది. 2011లో మూత్రం చిమ్మే సమస్య మీద జరిగిన అధ్యయనాల్ని కలిపి లెక్కేసిన మరో పరిశోధన, దానికి మాత్రం ఉపయోగం కనిపిస్తోందని చెప్పింది. కాబట్టి మంత్రం కాదు, మోసమూ కాదు. కొన్ని పిల్లులకు ఆసరా.

చివరిగా, నేను ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం. ఫెరోమోన్‌వల్ల పిల్లి చనిపోదు. ఫెరోమోన్ పెట్టాం కదా అని ఎదురుచూస్తే చనిపోవచ్చు. ముఖ్యంగా మగ పిల్లి. పదేపదే మూత్రానికి కూర్చుంటుంది, అరుస్తుంది, కింద నాక్కుంటుంది, చుక్క కూడా రాదు. మనం టెన్షన్ అనుకుంటాం. నిజానికి మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. అప్పుడు తీయాల్సింది ఫోన్లో ఆర్డర్ పేజీ కాదు, ఆటో.

మనకు ఆ దారి దగ్గర్లోనే ఉంది. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. ఒకప్పుడు పశువైద్యం అంటే ఎద్దులు, బర్రెలు, గొర్రెలే అనుకున్న జిల్లా ఇది. పులివెందులలో పశువుల పరిశోధన కేంద్రం కట్టిందీ ఆ పశుసంపద కోసమే. ఇప్పుడు పిల్లి కూడా ఆ వరసలో నిలబడింది, దాన్నీ డాక్టరుకు చూపించడంలో నామోషీ ఏమీ లేదు.

కాబట్టి మిత్రులారా, ముందు డాక్టరు. రోగం లేదని తేలితే అప్పుడు ప్లగ్గు. అదీ సరైనది, సరైన వోల్టేజిది, పిల్లలకు అందనిది. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు ఈ ఎపిసోడ్ పంపించండి, ముఖ్యంగా మగ పిల్లి ఉన్నవాళ్లకు. మళ్లీ కలుద్దాం. సెలవు.