పల్లెవెలుగు బస్సులు: రాయితీ భారం (ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు)

ఆర్టీసీ నడిపే సాధారణ గ్రామీణ సర్వీసును పల్లెవెలుగు అంటారు. ఊళ్లు దూరదూరంగా, ప్రయాణికులు పలచగా ఉండే దేవరకొండ, అచ్చంపేట తండాల దారుల్లో టికెట్ల రాబడితోనే ఈ బస్సు నిలవడం కష్టం. హైదరాబాదులో ఆర్టీసీ నష్టాలకు నగరపాలక సంస్థ కొంతకాలం నిధులిచ్చినా, ఈ మెట్ట జిల్లాల పంచాయతీలకు, వాటి ఆదాయం దృష్ట్యా, అది తలకు మించిన పనే. కనుక విద్యార్థుల పాసుల రాయితీ మొదలుకొని భారమంతటికీ ఆర్టీసీ రాష్ట్ర ఖజానా వైపే చూస్తుంది. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకు కండక్టరు సొమ్ము తీసుకోకుండా ఇచ్చే చీటీయే ‘జీరో టికెట్’. ప్రయాణికురాలు కట్టనవసరం లేని ఆ ఛార్జీని, టికెట్ల లెక్క ఆధారంగా, ప్రభుత్వం సంస్థకు చెల్లించాలి. ఇక బస్సుల సమకూర్పు విషయానికొస్తే, 2025లో మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చే పద్ధతి మొదలైంది.