సీసాలో పేరుకున్న తేనె

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, సర్వీసు ముచ్చట్లు మిత్రులు ఎలాగూ రాస్తారు కదా, నేను తేనె గురించి రాస్తానన్నాను. ఆయన నవ్వారు. కాని ఈ తేనె వెనుక నేను చేసిన ఒక తప్పు ఉంది. అది చెప్పాలంటే తేనె చరిత్ర కొంత చెప్పక తప్పదు.

1974 చివర నాకు పాడేరు బదిలీ అయింది. అప్పట్లో అది విశాఖ జిల్లాలోని ఏజెన్సీ ఊరు. 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. నేను వెళ్లేసరికి కొండవాలులన్నీ వలిసె పూలతో పచ్చగా ఉన్నాయి. పూత అయ్యాక సంతకు తేనె వచ్చేది. కొందరు ఆనపకాయ బుర్రల్లో, కొందరు ఖాళీ సీసాల్లో తెచ్చేవారు. మందులోకి మంచి తేనె పంపమని మా అమ్మ ఉత్తరం రాయడంతో, ఒక ముసలాయన దగ్గర సీసా ఆరు రూపాయల చొప్పున రెండు కొన్నాను.

పంపడానికి మనిషి దొరకక సీసాలు నా గదిలోనే ఉండిపోయాయి. జనవరి చలికి నెల తిరక్కుండానే అడుగున తెల్లటి పలుకులు దిగాయి. ఇంకో వారానికి సగం సీసా నెయ్యిలా పేరుకుంది. ఇంకేముంది, పంచదార పాకం కలిపి అంటగట్టాడని తీర్మానించేశాను. ఆఫీసులో నా పక్క సీటాయన కూడా “అవునండీ, అసలు తేనె గడ్డకట్టదు” అన్నాడు. ఇద్దరం డిగ్రీ చదివినవాళ్లమే!

మరుసటి సంతలో పదిమంది ఎదుట నిలదీశాను. ముసలాయన పుల్లతో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, “సలికి పేరిపోనాది బాబూ. ఎండలో ఎట్టండి, కరిగిపోతాది” అన్నాడు. నేను వినలేదు. మొలలో మూట విప్పి పన్నెండు రూపాయలూ లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. ఆ వేళ ఆయన సరుకు ఇంకెవరూ కొన్నట్టు లేదు.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒక గ్రంథాలయంలో తేనెటీగల పెంపకం మీద పుస్తకం చేతికి దొరికింది. కాలక్షేపానికి తిరగేస్తుంటే, పేరుకోవడం మీద ఉన్న పేజీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

తేనెలో నీరు నూటికి 17 నుంచి 20 పాళ్లు, మన ప్రాంతపు తేనెలో తరచు అంతకంటే ఎక్కువ. మిగిలినది దాదాపు అంతా చక్కెరలే. అంత కొంచెం నీటిలో అంత చక్కెర నిలకడగా కరిగి ఉండలేదు. ముఖ్యమైన చక్కెరలు రెండింటిలో ఫ్రక్టోజ్ కరిగే ఉంటుంది, గ్లూకోజ్ మాత్రం పలుకులుగా విడిపోతుంది. ఏ తేనెలో గ్లూకోజ్ పాలు ఎక్కువో అది త్వరగా పేరుకుంటుంది. వలిసె పూల తేనె అలాంటిదే. పైగా ఇందుకు బాగా అనువైన చలి 14 డిగ్రీల సెంటీగ్రేడ్ దరిదాపుల్లో. పాడేరు జనవరిలో ఇంకేం కావాలి? ఇంకొకటి కూడా ఉంది. తేనెపట్టు గిర్రున తిప్పి తేనె తీసే యంత్రాన్ని 1865లో హ్రుష్కా అనే ఆయన కనిపెట్టాడు. చేత్తో పట్టు పిండితే పుప్పొడి, మైనపు నలుసులు కూడా దిగుతాయి. వాటి చుట్టూ పలుకులు ఇంకా తేలిగ్గా చేరతాయి. ముసలాయనది చేత్తో పిండిన తేనె.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డైస్ అనే ఆచార్యుడు తేనెను కావాలనే వెన్నలా సన్నగా పేరుకునేటట్టు చేసే పద్ధతికి 1935లో పేటెంటు తీసుకున్నాడు. కెనడాలో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు ఆ రకం తేనెను రొట్టెకు రాసి పెట్టింది. ఎక్కువ ధర పెట్టి కొన్నానంది. నాకు ముద్ద మింగుడు పడలేదు.

పోనీ, రసాయన శాస్త్రజ్ఞులు నాకంటే మేలా? 1908లో ఫీహె అనే జర్మనీ ఆయన కల్తీని పట్టడానికి ఒక పరీక్ష పెట్టాడు. కృత్రిమ పాకం కలిస్తే ఎర్రరంగు రావాలి. తీరా చూస్తే కాచిన తేనె, వేడి చోట ఏళ్లకు ఏళ్లు నిలవ ఉన్న తేనె కూడా ఎర్రరంగు చూపిస్తాయి. కారణం హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ అనే పదార్థం. అది వేడికి, కాలానికి తేనెలో తానే పెరుగుతుంది. అందుకే అంతర్జాతీయ ప్రమాణాల్లో కిలోకు 40 మిల్లీగ్రాములు హద్దు పెట్టి, ఉష్ణదేశాల తేనెకు 80 దాకా ఒప్పుకున్నారు. తేనె నల్లబడడం కూడా ఆ వేడి, కాలం చేసే పనే. ఇక కుక్క నాకదు, తడిపిన వత్తి వెలుగుతుంది, నీళ్లలో ముద్దగా దిగుతుంది అనే మన ఇంటి పరీక్షల సంగతి చెప్పనే అక్కర్లేదు. చిక్కటి పాకం కూడా నీళ్లలో ముద్దగానే దిగుతుంది! కల్తీ లేదనడం లేదు, చాలా ఉంది. కాని అది ఈ పరీక్షలకు దొరకదు.

మన పాతవారు తేనె మారడాన్ని తప్పుగా చూడలేదు. సుశ్రుత సంహిత తేనెను ఎనిమిది రకాలుగా చెప్పి, కొత్త తేనె ఒంటికి పుష్టి, పాత తేనె కొవ్వును తగ్గిస్తుందని వేరుచేసింది. తేనెకు వేడి తగలకూడదని ఆయుర్వేదం హెచ్చరించింది. మా అమ్మ పింగాణీ జాడీలో పోసి, మూతకు గుడ్డ కట్టి, తడి గరిటె ముంచనిచ్చేది కాదు. తేనె పుల్లటి గుణం గలది, లోహపు గిన్నెలో పోయకూడదని కూడా ఆమెకు తెలుసు. తేనెకు అసలు శత్రువు తడి. వానాకాలంలో మూత వదులైతే గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. అడుగున పలుకులు దిగిన కొద్దీ పైన మిగిలినది పలచబడుతుంది, అక్కడ పులుపు పుడుతుంది. నురుగు, బుడగలు, కల్లు వాసన వస్తే పారబోయండి. గట్టిపడిందని మాత్రం పారబోయవద్దు. గోరువెచ్చని నీళ్లలో సీసా నిలబెడితే చాలు, పొయ్యి మీద పెట్టవద్దు.

మనుమలున్నవారికి ఒక మాట. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మా ఇంట్లోనూ ఉండేది. ఒక్కోసారి తేనెలో బొటులిజం సూక్ష్మజీవి బీజాలు ఎన్నాళ్లయినా చావకుండా ఉంటాయనీ, అవి పసికందుల పేగుల్లో పెరిగి విషం పుట్టిస్తాయనీ 1976 నుంచి తెలిసింది. ఏడాది నిండేవరకు తేనె వద్దు.

రిటైరయ్యాక 2011లో పాడేరు వెళ్లాను. సంతలో వాకబు చేద్దామంటే ఏమని అడగను? ఆ ముసలాయన పేరు నేను ఏనాడూ అడిగి ఉండలేదు. ఒక అమ్మాయి దగ్గర సీసా తేనె కొని, ధర అడిగినంతా ఇచ్చి వచ్చాను. నెల తర్వాత అదీ అడుగున పేరుకుంది. మార్చిలో మా డాబా మీద ఎండలో పెట్టాను. మూడో రోజుకు కరిగింది.