డ్రమ్మర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న

వారమంతా కోడు రాసి, శనివారం గిటార్ పట్టుకునే సాఫ్ట్‌వేర్ వాళ్ళు హైదరాబాదులో తక్కువేం లేరు. ఆ జాబితాలో మేమూ చేరాం. ఇద్దరు గిటార్, ఒకరు బేస్, వేరే ఎవరూ దొరక్క పాడటానికి నేను. డ్రమ్మర్ కోసం వెతికి వెతికి చివరికి మా ఆఫీసు టెస్టింగ్ టీములోనే ఒక కుర్రాణ్ణి పట్టాం. ఊరు ఖిలా వరంగల్.

రెండు నెలలు తిరిగేసరికి అందరి కష్టాలకీ వాడే కారణం అని తేలింది :-). ఒకడేమో లెడ్ జెప్పెలిన్ జాన్ బోనమ్‌లా బరువుగా కొట్టమంటాడు. ఇంకొకడు రోలింగ్ స్టోన్స్ చార్లీ వాట్స్‌లా పొదుపుగా కొట్టమంటాడు. బేస్ వాయించేవాడికి మెట్రోనోమ్ తప్పితే ఎక్కరు. కుర్రాడు అందరికీ తలూపేవాడు, పాట మాత్రం కుదిరేది కాదు. అన్నిటికంటే ఘోరం షఫుల్. అది ఎన్నిసార్లు మొదలెట్టినా నాలుగు వరసలు దాటకముందే చదునుగా అయిపోయేది. చివరికి మన వృత్తికి తగ్గ పరిష్కారమే తట్టింది: మనిషిని తీసేసి సాఫ్ట్‌వేర్ పెడదామని.

ఆ మాట వాడితో చెప్పే ముందు నేను కాస్త చరిత్ర తిరగేశాను. నాకు అర్థమైందేమిటంటే, స్టైల్ అనేది షాపులో కొనుక్కునే చొక్కా కాదు. ఎవరి పక్కన కూర్చుని, ఏ గదిలో, ఏ అవసరం కోసం కొట్టారో దాన్నిబట్టి పుట్టింది.

అసలు డ్రమ్ సెట్టే అలా పుట్టింది. ఊరేగింపు బ్యాండులో పెద్ద డ్రమ్ము ఒకడు, స్నేర్ ఒకడు, తాళాలు ఇంకొకడు మోసేవాళ్ళు. నాటకశాలల్లో అంతమందికి చోటూ లేదు, జీతాలూ లేవు. 1909లో విలియం లడ్విగ్ పెద్ద డ్రమ్ముకి వేగంగా పనిచేసే కాలి పెడల్ తయారుచేశాడు. ముగ్గురి పని ఒక్కడి చేతుల్లోకీ కాళ్ళలోకీ వచ్చింది. అంటే మనం సంగీత విప్లవం అనుకునేది కొంతవరకు ఖర్చు తగ్గింపు కార్యక్రమం అన్నమాట.

తర్వాత న్యూ ఆర్లీన్స్‌లో ఎర్ల్ పామర్. 1924లో పుట్టాడు, చిన్నప్పుడే తల్లితో కలిసి స్టేజి మీద ట్యాప్ డ్యాన్స్ చేసినవాడు. 1949లో ఫ్యాట్స్ డామినో పాడిన 'ద ఫ్యాట్ మ్యాన్'లో రెండో దెబ్బా నాలుగో దెబ్బా పాట పొడవునా గట్టిగా మోగించాడు. రాక్ బ్యాక్‌బీట్‌కి అదొక మొదటి మెట్టు అంటారు. అప్పటిదాకా వాళ్ళంతా ఊగుతూ సాగే షఫుల్ కొట్టేవాళ్ళు. లిటిల్ రిచర్డ్ పియానో మీద సమానమైన దెబ్బలు దంచుతుంటే, దానికి తగ్గట్టు తన చెయ్యీ మారిందని పామర్ తర్వాత చెప్పుకున్నాడు. రాక్‌కి ఆ తిన్నని నడక అలా పక్కవాడి కోసం సర్దుకోవటంలో వచ్చింది.

చార్లీ వాట్స్‌ది జాజ్ మనసు. స్నేర్ కొట్టే క్షణాన హై-హ్యాట్ మీదనుంచి చెయ్యి లేపేసేవాడు, ఆ చిన్న ఖాళీయే అతని సంతకం. బోనమ్ సంగతి ఇంకోటి. 1971లో వచ్చిన 'వెన్ ద లెవీ బ్రేక్స్'కి డ్రమ్ములు ఒక పాత బంగళా మెట్లదారి కింద పెట్టి, మైకులు పైన వేలాడదీశారు. మనం బోనమ్ అనుకుంటున్న బరువులో కొంత ఆ ఇంటి గోడలదే.

ఇదంతా బుర్రలో పెట్టుకుని పోయిన దసరా సెలవుల్లో వాడితో వరంగల్ వెళ్ళాను. ఖుష్ మహల్‌లో ఎత్తైన కమానుల మధ్య నిలబడి వాడు ఒక్క చప్పట్ కొట్టాడు. గోడలు కాస్త ఆగి బదులిచ్చాయి. "ఈడ కొడితే ఎవడైనా బోనమే అన్నా" అన్నాడు. పక్కనే కాకతీయుల కీర్తి తోరణాలు.

గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి జాయప సేనాని ఉన్నాడు కదా, ఆయన 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు శాస్త్రం చెప్పిన మార్గానికి, నాలుగు దేశికి, అంటే ఆయా ప్రాంతాల జనం ఆడుకునే వాటికి ఇచ్చాడు. మనం ఇవాళ పేరిణి అంటున్నది అందులో పేరణి. దాని అంగాల్లో ఒకటి ఘర్ఘరం, కాలి గజ్జెలతో లయ పలికించటం. (పామర్ ట్యాప్ డ్యాన్స్ గుర్తొచ్చిందా?) 1213 నాటి రామప్ప గుడిలో నాట్యకత్తెల పక్కన మద్దెలవాళ్ళనీ చెక్కారు. ఒక సేనాపతికి ఊరి ఆట సగం పుస్తకానికి సరిపడా విషయంగా కనిపించింది. మనకి?

ఈ ప్రశ్న ఎందుకంటే, ఆ సాయంత్రం వాళ్ళింట్లో గోడకి డప్పు వేలాడుతోంది. వాళ్ళ బాపుది. రెండు నెలల్లో ఒక్కసారి కూడా వాడు ఆ మాట ఎత్తలేదు. ఎందుకురా అంటే, "కాలేజీల ఒక్కసారి చెప్పిన అన్నా. ఆ తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచినోడు లేడు" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. 1740లో అమెరికాలోని దక్షిణ కరొలైనాలో, అంతకు ముందేడు జరిగిన తిరుగుబాటుకి భయపడి, బానిసలు డ్రమ్ములు వాడకుండా చట్టం చేశారు. మనం చట్టం చెయ్యలేదు. డప్పు పెళ్ళికీ చావుకీ కావాలన్నాం, కొట్టేవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టాం.

బాపు గడ్డి మంట మీద డప్పు కాచి, ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెన పుల్ల పట్టి ఒక దరువు ఎత్తుకున్నాడు. మూడేసి దెబ్బల నడక, మన లెక్కలో తిశ్రం. షఫుల్ అంటే ఏమిటి? ఆ మూడింట్లో మధ్యది వదిలెయ్యటం! నేనీ మాట అనేలోపే వాడు తొడ మీద మధ్య దెబ్బ మింగేసి కొట్టటం మొదలెట్టాడు. రెండు నెలలు కుదరనిది రెండు నిమిషాల్లో కుదిరింది. ఇన్నాళ్ళూ ఒళ్ళో ఉన్నదాన్ని దాచిపెట్టి, యూట్యూబులో చూసినదాన్ని నకలు చేస్తున్నాడు మరి.

కాబట్టి బ్యాండ్ పెట్టేవాళ్ళకి నా సలహా ఒక్కటే. డ్రమ్మర్‌ని "ఎవరిలా కొడతావ్?" అని అడక్కండి. "చిన్నప్పుడు ఏ చప్పుడు వెనక నడిచావ్?" అని అడగండి. పాటలు ఆ జవాబు విన్నాక ఎంచుకోండి.

మా గిటారు వాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, అది వేరే విషయం. ఇదంతా రాయమని చెప్పింది కూడా వాడే. పేరు మాత్రం వద్దన్నాడు.